నేలకు చెంప ఆనించే మనిషి

మా బావ చిన్నపోలయ్య ఎవరింటికి వెళ్ళినా ముందు కుర్చీలో కూర్చోడు. మంచినీళ్ళు ముట్టడు. "బాగుండారా" అని కూడా అడగడు. భుజం మీది తువ్వాలు తీసి పక్కన పెట్టి, నేల మీద బోర్లా పడుకుని, కుడి చెంప గచ్చుకు ఆనించి కళ్ళు మూసుకుంటాడు. అంతసేపూ ఆ ఇంటివాళ్ళు కాళ్ళు దగ్గరికి తీసుకుని నిలబడాలి. కాసేపటికి లేచి, చెంప తుడుచుకుని, నాడి చూసిన వైద్యుడి మొహం పెట్టి, "చెమ్మ ఉండాది. ఈశాన్యం మూల," అంటాడు. కుశలప్రశ్నలు ఆ తర్వాతే.

ఈశాన్యం అంటే అది ఈశాన్యమే కానక్కరలేదు. బావకు దిక్కులు నీళ్ళ మీద తెలుస్తాయి గానీ గోడల మధ్య తెలియవు. ఆయన చేత్తో ఏ మూల చూపిస్తే అదే ఈశాన్యం అనుకోవాలి.

మాది పులికాట్ సరస్సు ఒడ్డున చిన్న పాలెం. మాకు పైన ఉప్పుగాలి, కింద ఉప్పునేల. ఒక పెద్ద తుఫాను తర్వాత ఎవరో పుణ్యాత్ములు మాకు ఇళ్ళు కట్టించారు. నీళ్ళొస్తే కింది నుంచి పోతాయని పొట్టి స్తంభాల మీద కట్టి, నేలకూ గచ్చుకూ నడుమ మోకాలి పైదాకా ఖాళీ వదిలారు. మావాళ్ళు ఖాళీ జాగాను ఖాళీగా వదిలే రకం కాదు. ఆ ఖాళీ చుట్టూ ఇటుకలు పేర్చి, పాక్కుంటూ దూరేంత తలుపు పెట్టి, విరిగిన తెడ్లు, కోడిగంపలు, పాత వలలు అన్నీ లోపలికి తోశారు. గాలి ఆడటానికి వదిలిన కన్నాల్లో పాములొస్తాయని గుడ్డలు కుక్కారు. దాంతో కింద పుట్టిన చెమ్మకు వేరే దారి లేక గోడలెక్కింది. మా పాలెంలో ఏ గోడ తట్టినా సున్నం పొడి రాలుతుంది. నాకు రంగుల షాపు ఉంది కాబట్టి, నిజం చెప్పాలంటే, నాకేమీ బాధ లేదు. ఉన్న బాధల్లా మా బావే.

చేపలవేట ముగించుకుని ఎండెక్కేసరికి వచ్చి నా షాపు బల్ల మీద కూర్చుంటాడు. ఎవరో ఒకరు వస్తారు.

"పెంచలన్నా, గోడకు మంచి రంగు ఒకటి ఇయ్యి. మచ్చలు కనపడకూడదు."

నేను డబ్బా తీసేలోగా బల్ల మీది నుంచి మాట వస్తుంది. "కనపడకపోతే పోయినట్టా? పుండు మీద చొక్కా ఏసుకుంటే మానుద్దా? ఇంటి కింద దూరి చూసినావా?"

వచ్చినవాడు రంగూ కొనడు, ఇంటి కిందా దూరడు. తల గోక్కుంటూ వెళ్ళిపోతాడు.

"బావా, మా అక్క మొగుడివని ఊరుకుంటున్నా."

"ఊరుకోబాక. నేల మీద పరిచే ప్లాస్టిక్ పట్టలు తెచ్చి పెట్టు. రంగు కంటే అయ్యే ఎక్కువ అమ్ముడుపోతాయి."

తెచ్చి పెట్టాను. షాపు పిల్లికి వాటి మీద పడుకోవడం బాగా అలవాటైంది.

నా పెళ్ళిచూపుల సంగతి చెప్పకపోతే ఈయన మీకు పూర్తిగా అర్థం కాడు. పిల్ల ఇంకా గదిలోంచి రాలేదు. పెద్దవాళ్ళు ఎండల గురించి మాట్లాడుతున్నారు. బావ తువ్వాలు తీశాడు. నేను మోచేత్తో పొడిచాను, అక్క ఆయన చిటికెన వేలు మెలితిప్పింది, ఏమీ లాభం లేకపోయింది. ఆయన నేల మీద బోర్లా పడేసరికి నాకు కాబోయే మామగారు, "అయ్యో, మూర్ఛ," అని కేక వేసి, మొలతాటికున్న తాళాలగుత్తి తెంపి బావ చేతిలో కుక్కాడు. ఎవరో ఉల్లిపాయ తెచ్చారు. బావ ఉల్లిపాయ వాసన చూస్తూ తన పని పూర్తి చేసుకుని లేచాడు. తాళాలు మామగారి చేతిలో పెట్టి, "నేల పొడిగా ఉండాది. ఖాయం చేసుకోండి," అన్నాడు. గది తలుపు వెనక ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్విన రేవతే ఇప్పుడు నా భార్య. నన్ను చూసి ఒప్పుకోలేదనీ, అట్లాంటి మనిషి ఉన్న ఇంట్లో పొద్దుపోకపోవడం ఉండదని ఒప్పుకున్నాననీ ఇప్పటికీ అంటుంది.

ఇంకోసారి మండలాఫీసుకు ఏదో సర్టిఫికెట్ కోసం వెళ్ళి వరండాలో పడుకున్నాడు. అక్కడ పొలం హద్దుల గొడవతో తిరిగి తిరిగి విసిగిన రైతులు కొందరున్నారు. వాళ్ళు ఇదేదో ధర్నా అనుకుని ఒక్కొక్కరే వచ్చి పక్కన పడుకున్నారు. ఆఫీసరు బయటికొచ్చి, "మీ డిమాండ్ ఏమిటి?" అని మర్యాదగా అడిగాడు. "మెట్ల పక్కన నీళ్ళు నిలబడతా ఉండాయి సార్," అన్నాడు బావ. పడుకున్నవాళ్ళంతా "అవును సార్" అన్నారు. మరుసటి వారం మెట్ల పక్కన కాలవ తీశారు. పొలాల సంగతి నాకు తెలియదు.

ఆయన చెప్పిందల్లా నిజమవుతుందని అనుకోకండి. ఒక గృహప్రవేశంలో, "ఇల్లంతా ఊటే. ఇంత చెమ్మ నా జన్మలో చూడలా," అని ప్రకటించాడు. ఇంటాయన మొహం తెల్లబోయింది. తీరా చూస్తే ఎవరి చేతిలోంచో పాయసం ఒలికింది. బావ చెంప మీద సేమ్యా అంటుకుని ఉంది. రాకెట్టు ఎగిరే రోజుల్లోనూ అంతే. శ్రీహరికోట నుంచి రాకెట్టు లేస్తుందంటే పాలెం మొత్తం మిద్దెలెక్కి తలలు పైకెత్తుతుంది. బావ మాత్రం ఎవరో ఒకరి ఇంటి కింద దూరి ఉంటాడు. ఇళ్ళలో అడ్డం వచ్చేవాళ్ళెవరూ ఉండరు, చూసుకోవడానికి అదే మంచి సమయమట. ఇంత చేసి ఆయన సొంత ఇంటి గోడలు పెచ్చులు పెచ్చులుగా రాలుతుంటాయి. మా అక్క చిట్టి అడిగితే, "మన ఇల్లు యాడికి పోద్ది," అంటాడు.

కామక్క ఇంటి సంగతి వచ్చేసరికి మాత్రం ఇట్లా నవ్వుకోవడానికి వీలు లేకపోయింది.

కామమ్మ మా వీధి చివర ఉంటుంది. అందరికీ అక్కే. భర్త మస్తానయ్య పోయాక ఎండుచేపలు అమ్మి కూతురు రోజారమణిని పెంచి నెల్లూరులో ఇచ్చింది. రోజాకు చిన్నప్పటి నుంచి ఆయాసం. ఇప్పుడు కడుపుతో ఉంది. తొలి కాన్పుకు పుట్టింటికి రావాలి. కామక్క అప్పుడే పాత మెత్తటి చీరలన్నీ ఉతికి పెట్టుకుంది. ఆ సమయంలో వియ్యపురాలు వెంకటశేషమ్మ వచ్చి ఇల్లు చూసింది. గోడ మీద అరచేయి పెట్టి తీసి, కొంగుకు తుడుచుకుంది.

"ఈ ఇంటికి పిల్లను పంపలేను వదినా. పోయినసారి ఇక్కడ కొన్నాళ్ళుండి వచ్చినందుకే ఆసుపత్రిలో ముక్కుకు గొట్టం పెట్టినారు. ఊపిరాడక నా చెయ్యి పట్టుకునింది. ఆ పట్టు నేనింకా మర్చిపోలా."

ఆమె గయ్యాళితనంతో అన్న మాట కాదది. కామక్కకూ అది తెలుసు. "బాగు చేయిస్తా వదినా," అని మాత్రం అంది.

"చేయించు. సీమంతానికి ముందు వచ్చి చూస్తా. బాగుంటే పంపిస్తా, లేకపోతే మా ఇంట్లోనే కాన్పు. నువ్వే వచ్చి ఉందువు గానీ."

మర్యాదగానే అంది. కానీ తొలి కాన్పుకు కూతురింటికి వెళ్ళి వియ్యపురాలి వంటింట్లో చేతులు కట్టుకుని నిలబడటం కామక్కకు ఎంత కష్టమో మా వీధిలో ఆడవాళ్ళందరికీ తెలుసు. మరునాడు నా షాపుకొచ్చి, "పెంచలా, ఆ మచ్చలు కనపడకుండా ఏదన్నా రంగు ఉంటే ఇయ్యి నాయనా," అంది. నేను బల్ల వైపు చూశాను, పుండూ చొక్కా ఉపన్యాసం వస్తుందని. బావ తువ్వాలు దులిపి లేచాడు.

"పదక్కా. ఇంటికి పోదాం."

ఆ రోజు ఆయన కామక్క ఇంట్లో ఒక్కో గదిలో పడుకుని, కుడి చెంప చాలక ఎడమ చెంప కూడా ఆనించి చూశాడు. ఎడమ చెంప వాడటం నేను అంతకుముందు చూడలేదు. ఆ తర్వాత బయటికొచ్చి ఇంటి కింది తలుపు తీశాడు. తల దూరింది, భుజాలు దూరాయి, బొజ్జ దగ్గర ఆగిపోయింది.

"తొయ్యరా."

"ఎటు తొయ్యను బావా?"

"లోపలికి. బయటికి తోస్తే ఇంటికి పోతాం."

తోశాను. వెనకాలే సెల్‌ఫోన్ లైటు వేసుకుని నేనూ పాక్కుంటూ వెళ్ళాను. లోపల గాలి బరువుగా ఉంది. నెత్తి మీది గచ్చు అడుగున చెమట బొట్లు నిలిచి, మెడ మీద పడుతున్నాయి. మధ్యలో చెక్క మీద ఒక వల మడతపెట్టి ఉంది. ముట్టుకుంటే తడి. దాని చుట్టూ మట్టి తెల్లగా ఉప్పు పేరుకుని, అది కూడా తడి తడిగా ఉంది.

ఆ వల మస్తానయ్యది. కామక్క అత్తగారి నాటి నుంచీ వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది. పోయిన మగవాడి వల తడపడానికి తప్ప ఇంటి నీడ దాటకూడదు, ఎండకూడదు. ఎండిన వల ఇంట్లో ఉంటే ఆ మనిషిని మరిచిపోయినట్టట. అందుకని కామక్క ప్రతి అమావాస్యకూ ఆ వలను సరస్సుకు తీసుకెళ్ళి, ఉప్పునీళ్ళలో ముంచి, నీళ్ళోడుతుండగానే తెచ్చి ఇంటి కింద పెడుతుంది. మస్తానయ్య పోయిన నాటి నుంచి ఒక్క నెల తప్పలేదు. అన్నేళ్ళ ఉప్పు ఆ నేలలో దిగింది. ఉప్పు తిన్న నేల వానాకాలమూ ఎండాకాలమూ తేడా లేకుండా తడిని లాక్కుంటూనే ఉంటుంది. దాని పైనే రోజా పడుకునే గది.

"బావా, ఇదే గదా..." అని నేను మొదలుపెట్టగానే ఆయన మట్టిచేత్తో నా నోరు మూశాడు. ఇంకో చేత్తో తలుపు వైపు చూపించాడు.

బయట కామక్క తలుపు పక్కనే గొంతుక్కూర్చుని ఉంది. "ఏముండాది తమ్ముడా? చెప్పు. నా వల్ల ఏదన్నా పొరపాటు జరిగిందా?"

బావ తల వెంట్రుకల్లోంచి సాలెగూడు తీసుకున్నాడు. "నీ వల్లేముందక్కా. ఈ నేలే అంత, మొండిది. గాలాడక అలిగింది. దారికి తెచ్చే పూచీ నాది." అని, అంతలోనే గుర్తొచ్చినట్టు, "అవునూ, బిడ్డకు ఉయ్యాల దేంతో కడతావు?" అన్నాడు.

"చీర ఉంది గదా."

"తాత వల ఉండగా చీరెందుకు?"

కామక్క బిత్తరపోయింది. "వల ఇంటి నీడ దాటకూడదు తమ్ముడా."

"దాటేదెందుకు? నట్టింట్లో పైన కొక్కెం ఉండాది. ఆడ కడదాం. నీడలోనే ఉంటది, నేల మీద ఎలకలు కొరకతా పడుండే బదులు. మస్తానన్న ఉంటే మనవడిని ఆ వల్లో పడుకోబెట్టి ఊపడా? కాకపోతే ఉప్పు వల బిడ్డ ఒంటికి ఒరుసుకుంటది. మంచినీళ్ళలో నానేసి, ఉప్పు చేతికి తగలకుండా పోయేదాకా ఉతికి, బాగా ఎండబెట్టు."

"ఎండబెట్టాలా?" ఆమె ఇంటి కింది తలుపు వైపు చూసింది. "మరి అమావాస్యకు తడపాలి గదా."

"నువ్వెందుకు తడపడం? బిడ్డ రోజూ తడుపుద్ది."

కామక్క ఒక్క క్షణం బావ మొహంలోకి చూసింది. తర్వాత నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆ సాయంత్రమే వల తీసుకుని బోరింగు దగ్గరికి వెళ్ళింది.

ఇక పని మొదలైంది. కోడిగంపలూ విరిగిన తెడ్లూ బయటపడ్డాయి. ఉప్పుపట్టిన మట్టి తవ్వి గంపల్లో మోశాం. ఇక్కడి ఇసుక వేస్తే మళ్ళీ ఉప్పేనని, మంచినీటి ఏటి ఒడ్డునున్న సంగం వైపు నుంచి వస్తున్న ట్రాక్టరు ఆపి ఏటి ఇసుక వేయించాం. నా షాపులో పిల్లి పడుకున్న పట్టలు చివరికి పనికొచ్చాయి. వాటిని ఇసుక మీద పరిచి, అతుకుల దగ్గర ఒకదాని మీద ఒకటి బాగా ఎక్కించి అంటించి, అంచులు గోడ మీదికి జానెడు లేపాం. కన్నాల్లో గుడ్డలు పీకేసి పాములు రాకుండా ఇనుప జాలీ బిగించాం. అంట్లు తోమిన నీళ్ళు గోడ వైపు రాకుండా వాలు చేశాం. ఎన్నిసార్లు బావను లోపలికి తోశానో, ఎన్నిసార్లు కాళ్ళు పట్టి బయటికి లాగానో చెప్పలేను. మా అక్క దారిన పోతూ ఆగి, "ఆయన్ని ఆడే ఉంచెయ్యి, పీడా పోద్ది," అని సలహా ఇచ్చి వెళ్ళేది. అయినా రోజూ అన్నం క్యారియరు మాత్రం తనే తెచ్చేది. పెచ్చులూడిన గోడలు గీకి వదిలేశాం. ఎండలు ముదిరి వాటిని ఆరబెట్టాయి. ఆ తర్వాతే సున్నం వేశాం.

ఒక మధ్యాహ్నం ఇద్దరం కామక్క ఇంటి గోడ నీడలో కూర్చుని అన్నం తింటున్నాం. నాకు అడగకుండా ఉండబుద్ధి కాలేదు.

"ఆమె పెట్టిన తడి వల వల్లనే కదా బావా ఇదంతా? రోజా ఆయాసం కూడా..."

"మెల్లిగా మాట్లాడు."

"చెప్పుంటే ఏమయ్యేది? చదువుకోని మనిషేం కాదు, అర్థం చేసుకునేది."

"అర్థం చేసుకునేదిరా, అదే గదా బాధ. మొగుడి మీద ప్రేమతో చేసిన పని కూతురి ఊపిరికి అడ్డం పడిందని తెలిస్తే, ఆయమ్మ ఇంక ఈ ఇంట్లో నిద్రపోద్దా?" ముద్ద కలుపుతూ, నాకేసి చూడకుండా అన్నాడు. "నేలను అంటే ఏం పోద్ది? అది పడుద్ది. దానికేమన్నా రోషమా?"

ఇన్నేళ్ళుగా ఆయన ఎన్ని ఇళ్ళలో పడుకున్నాడో, ఎన్ని మూలలు చూపించాడో ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఒక ఇంట్లో కొత్తకోడలు కొళాయి కట్టేయడం మరిచిపోయి గోడ నానింది. అత్త రుసరుసలాడుతుంటే బావ నేల మీద పడుకుని లేచి, "ఈశాన్యం మూల బలం లేదు," అన్నాడు. ఇంకో ఇంట్లో పక్షవాతం వచ్చిన ముసలాయన రోజూ చెంబు ఒంపుకుంటాడు. అక్కడా మూలదే తప్పయింది. ఏ ఇంట్లోనూ మనిషి పేరు రాలేదు. ఇంటివాళ్ళు ఆయన్ని చూసి నవ్వుకుంటూ, ఒకరినొకరు తిట్టుకోవడం మరిచిపోయేవాళ్ళు. ఈయనకు చెమ్మ పిచ్చి అని అందరితో పాటు నేనూ అనుకున్నాను. పిచ్చి కొంత ఉంది, కాదనను. పాయసం సంగతి నేను కళ్ళారా చూశాను గదా. కానీ మిగతాదంతా ఏమిటో ఆ పూట తెలిసింది. నాకు మా బావ మీద ఎంత ప్రేమ వచ్చిందంటే, నా క్యారియరులోని చేపముక్క తీసి ఆయన గిన్నెలో వేశాను. "ఏందిరా, బాగాలేదా?" అన్నాడు అనుమానంగా.

చెప్పిన మాట ప్రకారం సీమంతానికి ముందు వెంకటశేషమ్మ వచ్చింది. గదిగదికీ తిరిగి గోడలు తడిమింది. మూలల్లో వంగి వాసన చూసింది. ఉయ్యాలగా కట్టిన వలను లాగి గట్టిదనం చూసింది. సంచిలోంచి కొత్త అగ్గిపెట్టె తీసి, సగం తెరిచి, రోజా మంచం వేసే చోట వట్టి నేల మీద పెట్టింది.

"భోజనాలు చేద్దాం వదినా. అప్పటిదాకా దాన్ని ఎవరూ కదిలించబాకండి. నేలలో చెమ్మ ఉంటే పుల్ల అంటుకోదు."

భోజనాలయ్యాయి. చేపల పులుసు ఎట్లా ఉందో ఎవరూ చెప్పలేదు, బహుశా ఎవరికీ తెలియలేదు. బావ రెండుసార్లు ఉప్పు అడిగాడు, ఆకులో ఉప్పు ఉండగానే. వెంకటశేషమ్మ చేయి కడుక్కుని, తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకుని, అగ్గిపెట్టె తీసుకుంది. పుల్ల గీసింది. అది జారింది గానీ అంటుకోలేదు. మందు పెట్టె పక్కన నల్లగా పూసుకుంది.

కామక్క గోడ పట్టుకుంది. బావ కళ్ళు మూసుకున్నాడు.

రెండో పుల్ల గీసింది. భగ్గున అంటుకుంది. దాన్ని ఆర్పి మూడోది గీసింది. నాలుగోదీ గీసింది. రెండూ వెలిగాయి. ఆమె నిలబడి ఆ మొదటి పుల్లను కాసేపు చూసింది. తర్వాత గోడ పట్టుకుని నిలబడ్డ వియ్యపురాలిని చూసింది.

"మొదటిది నా చెయ్యి తడి వదినా," అంది. "సరిగ్గా తుడుచుకోలా."

ఆమె ఎంత శ్రద్ధగా తుడుచుకుందో నేను చూశాను. బావ కూడా చూశాడు. ఇద్దరం కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాం.

"శుక్రవారం మంచిది. నేనే తీసుకొచ్చి దింపుతా," అని, వెంకటశేషమ్మ అగ్గిపెట్టె కామక్క చేతిలో పెట్టింది. "ఇది నువ్వే ఉంచుకో. నేను మళ్ళీ చూసేదేం లేదు. టీ పెట్టు, తాగి పోతా."

కామక్క ఆ పెట్టెను కొంగున ముడేసుకుని, గట్టిగా ఇంకో ముడి వేసి వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మాత్రం లైటరుతో వెలిగించింది.